గేరు సైకిల్ మొరాయిస్తే... సామాను మార్చాలా, సైకిలే మార్చాలా?

విశాఖపట్నం: నగరంలో ఏ అపార్టుమెంటు మెట్ల కింద చూసినా దుమ్ము పట్టిన గేరు సైకిల్ ఒకటి కనిపిస్తుంది. అబ్బాయి ఇంటర్మీడియట్‌లో చేరినప్పుడో, డాక్టరు వ్యాయామం తప్పనిసరి అని చెప్పినప్పుడో కొన్నది. ఏడాది, రెండేళ్లు బాగానే తిరుగుతుంది. ఆ తర్వాత చైను జారడం, ఒక గేరు వేస్తే మరొకటి పడడం, బ్రేకు నొక్కితే కీచుమనడం మొదలవుతాయి. ఉన్నదానికే మంచి సామాను వేయించుకోవాలా, లేక దానిని వదిలించుకుని కొత్తది కొనాలా అనే ప్రశ్న యజమానికి అప్పుడే ఎదురవుతుంది.

తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో సరదాగా తొక్కేవారికి ఇది ముచ్చటకు సంబంధించిన విషయం. గాజువాక, ఆటోనగర్, మల్కాపురం, పోర్టు, ఉక్కు కర్మాగారం వైపు షిఫ్టు వేళకు వెళ్లేవారికి మాత్రం ఇది రోజు కూలికి సంబంధించిన విషయం. ఈ వ్యాసం ముఖ్యంగా రెండో కోవ వారిని దృష్టిలో ఉంచుకొని రాస్తున్నది.

ఈ విలేకరి మేనల్లుడు అగనంపూడి సమీపంలో ఉంటాడు. కర్మాగారంలో ఒక కాంట్రాక్టరు వద్ద పని. రానూ పోనూ రోజుకు 18 కిలోమీటర్లు. రెండేళ్ల క్రితం 21 గేర్ల మౌంటెన్ బైకు కొన్నాడు. ఒకరోజు ఉదయం షిఫ్టుకు వెళుతూ కూర్మన్నపాలెం దగ్గర ఎత్తు ఎక్కుతుండగా చైను పళ్ల మీద జారి, పెడల్ ఒక్కసారిగా కిందికి పోయి, మనిషి రోడ్డు మీద పడ్డాడు. మోచేయి దోక్కుపోయింది. హాజరు వేళ దాటడంతో ఆ రోజు కూలి కూడా పోయింది. సాయంత్రం ఒక దుకాణానికి వెళితే ‘దీనికి పెట్టే డబ్బు దండగ, కొత్తది తీసుకోండి’ అన్నారట. 13,500 రూపాయల బండి చూపించి, పాతదానికి 1,500 ఇస్తామన్నారట. వడ్డీకి తెచ్చి కొనడానికి సిద్ధపడ్డాడు. ‘మావయ్యా, ఏం చేయమంటావు?’ అని ఫోను చేసిన తర్వాతనే ఈ లెక్కలన్నీ తీయవలసి వచ్చింది.

పేరు కొండది, తిరుగుడు తారు రోడ్డు మీద

మౌంటెన్ బైకు పుట్టినది అమెరికాలోని కాలిఫోర్నియాలో. 1970లలో మారిన్ కౌంటీకి చెందిన కొందరు యువకులు పాత ష్విన్ సైకిళ్లకు లావు టైర్లు, గట్టి బ్రేకులు బిగించి మౌంట్ టామల్‌పైస్ వాలుల మీద దిగేవారు. 1977లో జో బ్రీజ్ ఆ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి ఇటువంటి సైకిళ్ల వ్యాపారం ప్రారంభించారు. లావు టైరు, అడ్డంగా నిటారైన హ్యాండిల్, ముందు స్ప్రింగు ఫోర్కు, ఎక్కువ గేర్లు అనే ఆ రూపమే తర్వాత ప్రపంచమంతటా వ్యాపించింది.

మన దగ్గర అమ్ముడయ్యే ప్రవేశస్థాయి బళ్లకు ఆ రూపం వచ్చింది గానీ ఆ సత్తా రాలేదు. మామూలు ఇనుప గొట్టాల ఫ్రేము, 15 నుంచి 18 కిలోల బరువు, దెబ్బను పెద్దగా పీల్చుకోలేని స్ప్రింగు ఫోర్కు, షిమానో వారి శ్రేణిలో అట్టడుగున ఉండే టూర్నీ తరగతి గేర్లు లేదా వాటిని పోలినవి ఉంటాయి. అంతమాత్రాన ఇవి చెడ్డ బళ్లు కావు. తారు రోడ్డు మీద, ఊరి మట్టి బాట మీద సంవత్సరాల తరబడి నడుస్తాయి. కొండ రాళ్ల మీద దూకించాలని చూసినప్పుడే తంటా.

ముందు చూడవలసింది ఫ్రేము

చైను, గేర్లు, టైర్లు అన్నీ అరిగి మారేవే. మారనిది ఫ్రేము ఒక్కటే. అది బాగుంటే మిగతా లెక్క వేయవచ్చు. అది పోతే ఎంత మంచి సామాను వేసినా వృథా.

విశాఖలో ఫ్రేముకు మొదటి శత్రువు ఉప్పుగాలి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. అందులోని క్లోరైడు, రంగు లేచిన చోట ఇనుమును త్వరగా తినేస్తుంది. పైకి కనిపించే తుప్పును చూసి భయపడనవసరం లేదు. దానిని గీకి రంగు వేయవచ్చు. ప్రమాదమంతా గొట్టం లోపల పట్టే తుప్పుతోనే. వాననీరు సీటు గొట్టం గుండా దిగి, పెడళ్లు తిరిగే ఇరుసు ఉండే అడుగు భాగంలో నిలుస్తుంది. అక్కడి నుంచే గొట్టం లోపలి వైపు పలచబడుతుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. సీటు గొట్టం బయటకు లాగి, టార్చి వేసి లోపలికి చూడాలి. సైకిల్‌ను తలకిందులు చేసినప్పుడు ఎర్రటి పొడి, పెచ్చులు రాలితే అనుమానించాలి. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసే చోట, సీటు కింద, వెనుక ఇరుసు బిగించే చోట గుడ్డతో తుడిచి వెల్డింగు పక్కన వెంట్రుకవాసి గీత ఏదైనా ఉందేమో చూడాలి. రంగు మీద గీత వేరు, లోహం మీద బీట వేరు. బీటలో తుప్పు మరక సన్నగా కారుతూ కనిపిస్తుంది. ఇనుప ఫ్రేములో చిన్న బీటను మంచి వెల్డరు అతకగలడు, కానీ హ్యాండిల్ దగ్గరి బీటకు అతుకు వేయించి ట్రాఫిక్‌లో తొక్కడం ప్రాణాలతో చెలగాటమే. అల్యూమినియం ఫ్రేముకు అతుకు వేస్తే ఆ చుట్టూ లోహం మెత్తబడుతుంది. దానిని బాగు చేయించే ఆలోచన మానుకోవడమే మేలు.

అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదని దుకాణదారులు చెప్పే మాట నిజమే. అయితే ఉప్పుగాలికి అది తెల్లటి పొడిగా మారుతుంది. అల్యూమినియం గొట్టంలో ఇనుప సీటు రాడ్డు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే రెండు లోహాలూ కరుచుకుపోయి, సుత్తి దెబ్బకు కూడా ఊడవు. ఏడాదికి రెండుసార్లు రాడ్డు తీసి గ్రీజు పూస్తే ఈ బాధ ఉండదు. ఉక్కు నగరంలో ఉండి సైకిల్ ఇనుము గురించి ఇంత చెప్పుకోవడం కొంత వింతగానే ఉంది. మన కర్మాగారం కడ్డీలు, వైరు రాడ్లు, బిల్లెట్ల వంటి పొడవు సరుకునే తయారుచేస్తుంది. సైకిల్ గొట్టానికి కావలసిన రేకు ఇక్కడ తయారుకాదు.

ఇక ఫ్రేము సైజు. పదో తరగతిలో కొన్న సైకిల్ డిగ్రీకి వచ్చేసరికి చిన్నదైపోతుంది. సీటును గీత దాటి పైకి లాగి తొక్కుతుంటారు. మోకాళ్ల నొప్పికి అది సగం కారణం. పైగా రాడ్డు ఏదో ఒక రోజు విరుగుతుంది. మనిషికి సరిపోని ఫ్రేముకు ఏ సామాను వేసినా సరిపోదు గనుక దానిని చిన్నవారికి ఇచ్చి మార్చుకోవాలి.

అడుగు స్కేలుతో తేలే లెక్క

ఫ్రేము బాగుందని తేలితే తర్వాత చూడవలసింది చైను. బడిపిల్లల అడుగు స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెట్టి 24 లింకుల అవతలి పిన్ను మధ్య వరకు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. వాడకంలో పిన్నులు అరిగి చైను సాగుతుంది. ఆ పిన్ను 12 అంగుళాల గీతను అంగుళంలో 16వ వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటిందంటే అప్పటికే వెనుక ఫ్రీవీల్ పళ్లను కూడా తినేసిందని అర్థం. అప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే అరిగిన పళ్ల మీద అది నిలవదు. మేనల్లుడు పడిపోయినది సరిగ్గా ఇందుకే. పడడానికి నెల ముందు అతను 350 రూపాయలు పెట్టి చైను మార్పించాడు. పాత పళ్ల మీద కొత్త చైను జారింది.

రోజుకు 18 కిలోమీటర్ల చొప్పున, నెలకు 25 రోజులు లెక్కవేసినా రెండేళ్లలో పది వేల కిలోమీటర్లు దాటాడు. ఇటువంటి చైను జాగ్రత్తగా చూసుకుంటే మూడు, నాలుగు వేల కిలోమీటర్లు వస్తుంది. అంటే ఒక్క చైనుతో మూడు చైన్ల దూరం తిరిగాడన్నమాట. దీనికి తోడు పోర్టు పరిసరాల్లో, పారిశ్రామిక ప్రాంతంలో గాలిలో బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి ఉంటుంది. అది చైను మీది నూనెకు అంటుకుని సాన పెట్టే ముద్దలా పనిచేస్తుంది. కాబట్టి మన దగ్గర చైనుకు నూనె ఎక్కువగా పోసినా నష్టమే. చుక్కలు వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన ఉన్నదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. నూనె లోపలి పిన్నుకు కావాలి గానీ పైపట్టీలకు అక్కరలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అరిగిన చైను, ఫ్రీవీల్, బ్రేకు రబ్బర్లు, తీగలు, టైర్లు మార్చడం ‘అప్‌గ్రేడ్’ కాదు. అది మరమ్మతు. కొత్త సైకిల్ కొన్నా రెండేళ్లకు ఈ ఖర్చు మళ్లీ వస్తుంది. ఈ ఖర్చును చూపి పాత బండి పనికిరాదని తీర్మానించడం, చెప్పులు అరిగాయని కాళ్లను నిందించినట్లే ఉంటుంది.

ఒకటి మారిస్తే నాలుగు మారతాయి

అసలు చిక్కు, ఉన్నదానికంటే మెరుగైన సామాను వేయించుకోవాలన్న కోరిక దగ్గర వస్తుంది. ఇందులో ఈ విలేకరికి స్వానుభవం ఉంది. కొన్నేళ్ల క్రితం మండల కేంద్రానికి తిరగడానికి ముందూ వెనుకా స్ప్రింగులున్న చవక సైకిల్ ఒకటి కొన్నాను. చూడడానికి మోటారు సైకిల్‌లా ఉండేది. ఎత్తు తొక్కుతుంటే కాలి బలమంతా వెనుక స్ప్రింగు ఊగడానికే పోయేది. లోపం బ్రేకుల్లో ఉందనుకుని డిస్కు బ్రేకు వేయించాను. దానికి వెనుక చక్రం హబ్బు మారింది, ఫ్రేము మీద డిస్కు బిగించే చోటు లేక ప్రత్యేకంగా పట్టీ పెట్టించవలసి వచ్చింది. తర్వాత ముందు ఫోర్కు మార్చాను. కొత్త ఫోర్కు వేరే పద్ధతిది కావడంతో హ్యాండిల్ పిలక, హెడ్ బేరింగులు కూడా మారాయి. ఏడు వేల రూపాయలు దాటాయి. ఆరు నెలలకు వెనుక స్ప్రింగు బిగించిన కీలు దగ్గర ఫ్రేము పగిలింది. ఆ బండిని చివరకు పాత ఇనుము కిందే తూకం వేయించాను.

గేర్ల సంఖ్య పెంచడంలోనూ ఇదే తంతు. చవక బళ్లలో వెనుక పళ్లచక్రాలు మరలా తిరిగి బిగుసుకునే ఫ్రీవీల్ రూపంలో ఉంటాయి. ఖరీదైన వాటిలో క్యాసెట్ ఉంటుంది. దానికి హబ్బే వేరు. ఏడు నుంచి తొమ్మిదికి వెళ్లాలంటే సాధారణంగా హబ్బు, అంటే వెనుక చక్రం, దానితో పాటు చైను, డిరెయిలర్, హ్యాండిల్ మీది మీట అన్నీ మార్చాలి. ఫ్రీవీల్ హబ్బులో బేరింగు ఇరుసు లోపలికి ఉండడం వల్ల బరువైన మనిషి గుంతల్లో తొక్కితే ఇరుసు వంగుతుంది. ఇరుసు ఒకసారి వంగితే మార్చుకోవచ్చు. పదే పదే వంగుతుంటే ఆ మనిషి వాడకానికి ఆ బండి చాలదని గ్రహించాలి.

అయితే తక్కువ ఖర్చుతో నిజంగా తేడా చూపే మార్పులు కొన్ని లేకపోలేదు. అన్నిటికంటే ముందు టైర్లు. మట్టి కోసం చేసిన గుబ్బల టైరు తారు మీద రొద చేస్తూ బలాన్ని మింగేస్తుంది. అదే 26 అంగుళాల రిమ్ముకు కొంచెం సన్నటి, నున్నటి టైర్లు వేసి, టైరు పక్కన ముద్రించిన మేరకు గాలి నింపితే సైకిల్ తేలికైనట్లు అనిపిస్తుంది. మంచి బ్రేకు రబ్బర్లు, కొత్త తీగలు వేస్తే చాలామందికి డిస్కు బ్రేకు ఆలోచనే పోతుంది. వానలో, బురదలో రోజూ తిరిగేవారికి డిస్కు మేలే, కానీ దానికి తగిన ఫ్రేముతో వచ్చిన బండే కొనాలి.

ఎత్తు ఎక్కలేక బాధపడేవారికి మరో చవక మార్గం ఉంది. సింహాచలం, కైలాసగిరి, హనుమంతవాక వైపు తొక్కేవారికి ఇది పనికొస్తుంది. చాలా బళ్లలో ముందు చిన్న చక్రానికి 28 పళ్లు, వెనుక పెద్దదానికి 28 పళ్లు ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రమూ ఒక చుట్టు తిరిగి బండి రెండు మీటర్లకు కొంచెం పైన కదులుతుంది. వెనుక పెద్దది 34 పళ్లున్న ఏడు గేర్ల ఫ్రీవీల్ వేస్తే అదే చుట్టుకు సుమారు 1.7 మీటర్లే కదులుతుంది. వేగం తగ్గుతుంది, మోకాళ్లకు శ్రమా తగ్గుతుంది. వెనుక డిరెయిలర్ 34 పళ్లను భరించేదో కాదో ముందుగా చూసుకోవాలి. కొంచెం పొడవైన చైను వేయాలి.

మార్చక తప్పని సందర్భం

ఫ్రేము పగిలినా, సైజు సరిపోకపోయినా చర్చే లేదు. ఇవి కాక వాడకం మారినప్పుడు కూడా మార్చడమే లాభం. రోజూ కాలేజీకి నాలుగు కిలోమీటర్లు తొక్కిన కుర్రవాడు ఇప్పుడు ఆదివారాలు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా, అంటే ఒక వైపే సుమారు 30 కిలోమీటర్లు వెళ్లివస్తున్నాడనుకుందాం. తర్వాత పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు చేరాలని ఉవ్విళ్లూరుతున్నాడు. రోడ్డు మార్గాన అది సుమారు 115 కిలోమీటర్లు. 17 కిలోల బండితో అది అసాధ్యం కాదు గానీ, ఆ బండి బరువును సామాను మార్చి తగ్గించడం మాత్రం అసాధ్యమే. బరువంతా ఫ్రేములో, ఫోర్కులో, చక్రాల్లో ఉంటుంది. వాటిని మార్చడమంటే బండిని మార్చడమే.

ఇక్కడా ఒక పొరపాటు జరుగుతోంది. మౌంటెన్ బైకు పాతబడితే అంతకంటే ఖరీదైన మౌంటెన్ బైకే కొంటున్నారు. తారు రోడ్డు తప్ప దిగనివారికి ముందు స్ప్రింగు లేని, సన్నటి పెద్ద చక్రాల హైబ్రిడ్ బండి చవకా, తేలికా. అదే డబ్బుకు చవక స్ప్రింగు ఫోర్కు ఉన్న బండి కంటే ఫోర్కు లేని బండిలో మిగతా సామాను మెరుగ్గా ఉంటుంది. సస్పెన్షన్ అనే మాటకు ఉన్న ఆకర్షణ వల్ల కుర్రకారు ఈ మాట వినరు.

ఖర్చు విషయంలో మెకానిక్కులు చెప్పే మోటు లెక్క ఒకటి ఉంది. మరమ్మతు మొత్తం అదే తరగతి కొత్త బండి ధరలో సగం దాటితే ఆగి ఆలోచించాలి. మూడో వంతులోపు అయితే చేయించాలి. కొత్తదాని ధర నుంచి పాతదానికి వచ్చే మొత్తాన్ని తీసివేసి పోల్చుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపైనా, వాటి విడిభాగాలపైనా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రెండు వైపులా తగ్గింది గనుక ఈ నిష్పత్తి పెద్దగా మారలేదు. బిల్లు అడిగి తీసుకుంటేనే తగ్గింపు తెలుస్తుంది.

మేనల్లుడి బండిని చివరకు గాజువాకలో రోడ్డు పక్కన పనిచేసే ఒక పాతకాలపు మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన సీటు ఊడదీసి, గొట్టంలోకి చూసి, వేలు తిప్పి, ఫ్రేముకు ఢోకా లేదన్నాడు. ‘ముందు చక్రం పళ్లు కూడా అయిపోనాయి బాబూ, ఎనకదొకటే మారిస్తే మళ్లీ జారతాది’ అని కొక్కేల్లా వంగిన పళ్లు చూపించాడు. ఆ రకం క్రాంకులో చక్రాలు రివెట్లతో కలిపేసి ఉండడంతో మొత్తం సెట్టే మార్చవలసి వచ్చింది. దానికి 900, చైనుకు 350, ఫ్రీవీల్‌కు 550, పెడల్ ఇరుసు బేరింగుకు 350, బ్రేకు రబ్బర్లు, తీగలకు 400, రెండు టైర్లకు 1,100, చేతి కూలి 500. వెరసి 4,150 రూపాయలు. కొత్తది కొంటే పాతదానికి ఇస్తామన్న 1,500 పోను చేతి నుంచి పడేది 12,000. మూడో వంతు కంటే కొద్దిగా ఎక్కువైనా ఫ్రేము నికరంగా ఉంది కాబట్టి చేయించేశాం. డిస్కు బ్రేకు కూడా వేయించమని అతను అడిగాడు. నేను ఒప్పుకోలేదు.

మేస్త్రి పోతూ పోతూ రెండు మాటలు చెప్పాడు. బీచ్ వైపు వెళ్లివచ్చినా, వానలో తడిసినా మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చైనుకు చుక్క నూనె వేయమన్నాడు. ఒట్టి కిరోసిన్‌తో కడిగి వదిలేయవద్దన్నాడు, కిరోసిన్ లోపలి గ్రీజును కూడా కరిగించి తీసుకుపోతుందట. సముద్రం వైపు తెరిచి ఉన్న బాల్కనీలో నిలబెట్టడం కంటే ఇంట్లో తలుపు వెనుక నిలబెట్టడం నయమనేది మా అక్క వినగానే ఒప్పుకోని సలహా.

ఇది జరిగి నాలుగు నెలలైంది. బండి రోజూ షిఫ్టుకు వెళుతోంది, చైను జారలేదు. అడుగు స్కేలు అతని టిఫిన్ సంచిలోనే ఉంటోంది. మొన్న కొలిచి చూస్తే పిన్ను ఇంకా గీత మీదే ఉందని ఫోనులో చెప్పాడు. ముందు హబ్బులో మాత్రం చిన్న గరగర వినిపిస్తోందట. వచ్చే ఆదివారం గోళీలు తీసి గ్రీజు పెట్టించాలి.